అంత పెద్ద బ్యాటరీ ఉండీ కారు లేవలేదు: మన తెలుగు సంఘం కార్యవర్గానికి బహిరంగ లేఖ

ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, కార్యవర్గంలో ఉన్న అన్నయ్యలకీ వదినలకీ నమస్కారం.

చలికాలంలో మన ఎలక్ట్రిక్ కార్ల గురించి ఇందులో రాసిన సంగతులే జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి మెయిల్ పెట్టాను. "తప్పకుండా చర్చిస్తాం అండీ" అని ఒక జవాబు వచ్చింది, ఆ తర్వాత వినాయక చవితి, బతుకమ్మ, దసరా పనుల్లో పడిపోయారు, అర్థం చేసుకోగలను. కానీ ఇప్పుడు అక్టోబరు వచ్చేసింది. ఇంకో ఐదారు వారాల్లో చికాగో మళ్లీ చికాగో అయిపోతుంది. అందుకే అందరికీ కనపడేలా రాస్తున్నాను. కోపంతో కాదు. సరే, కొంచెం కోపంతోనే.

పోయిన సంక్రాంతి సంబరాల రాత్రి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఎనిమిదింటికి అయిపోవాల్సిన ప్రోగ్రాం పది దాటాక అయిపోయింది (ఆ సంగతి ఇంకో లేఖలో రాస్తాను). భోగిపళ్లు పోయించుకున్న పిల్లలు భుజాల మీదే నిద్రపోయారు. మా పాప పట్టు పరికిణీ మీద జాకెట్ వేసుకుని, చేతిలో బొబ్బట్ల డబ్బా పట్టుకుని నా వెనకాల వస్తోంది. బయట మైనస్ 6 ఫారన్‌హీట్, అంటే మైనస్ 21 సెల్సియస్. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలి. మా ఎలక్ట్రిక్ కారు దగ్గరికి వెళ్లి రిమోట్ తాళం బటన్ నొక్కితే ఏమీ లేదు. మళ్లీ నొక్కాను. ఏమీ లేదు. మా ఆయన ఫోన్లో యాప్ తెరిస్తే కనెక్ట్ కావట్లేదు, కానీ చివరిసారి చూసినప్పటి లెక్క మాత్రం చూపిస్తోంది: 62 శాతం ఛార్జ్.

62 శాతం ఉన్న కారు తలుపు కూడా తెరవదేమిటి అని మా ఆయనకి ఒకటే టెన్షన్. తాళం లోపల దాచిన లోహపు తాళంచెవి ఒకటి ఉంటుంది, దాంతో తలుపు తీశాం. బటన్ నొక్కితే స్క్రీన్ ఒక్కసారి మిణుకుమంది, బ్రేకు లోపం, స్టీరింగ్ లోపం, ఎయిర్‌బ్యాగ్ లోపం అని వరసగా ఎర్ర అక్షరాలు వచ్చాయి, ముందు ఎక్కడో తక్ తక్ తక్ అని చప్పుడు, అంతే, మొత్తం చీకటి.

ఈలోగా జనం పోగయ్యారు. తెలుగువాళ్లం కదా, కారు ఆగిందంటే నలుగురం చెయ్యి వేస్తాం, అందులో మనకి సాటి లేదు. పట్టుపంచె మీద కోటు వేసుకున్న ఒక బాబాయిగారు "సెకండ్ గేర్లో పెట్టి క్లచ్ వదులమ్మా, మేం తోస్తాం" అన్నారు. క్లచ్ లేదు బాబాయిగారూ, గేర్లూ లేవు అంటే వినకుండా ఐదుగురు వెనక చేరి తోశారు. అంగుళం కదల్లేదు. కారు పార్క్‌లో (చక్రాలు కదలకుండా పట్టి ఉంచే లాక్) ఇరుక్కుపోయి ఉంది, ఆ పార్క్ విడవాలన్నా కరెంటే కావాలి. మంచు మీద బూట్లు జారి ఒకాయన మోకాలు కొట్టుకున్నారు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే మూడు గంటలు పడుతుందన్నారు. హాలు తాళం వేయాలని స్కూలు మనిషి ఒకటే తొందర. పిల్లల్ని వేరేవాళ్ల కారులో కూర్చోబెట్టి నేను బెజవాడకి ఫోన్ చేశాను.

ఎందుకంటే మా నాన్నకి ఆటోనగర్‌లో 31 ఏళ్లు బ్యాటరీల కొట్టు ఉండేది. లారీ బ్యాటరీలు, ట్రాక్టరు బ్యాటరీలు, ఆటోలవి. నా చిన్నప్పుడు మా ఇంట్లో డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు మంచినీళ్ల బిందెల పక్కనే ఉండేవి. రిటైరయ్యాక ఇంట్లోనే ఉంటున్నాడు, అక్కడ ఆదివారం పొద్దున పది, పెసరట్టు తింటూ వీడియో కాల్ ఎత్తాడు.

"సెల్ఫ్ కొడుతోందా?" అన్నాడు.

"దీనికి సెల్ఫ్ ఉండదు నాన్నా, ఇది కరెంటు కారు."

"సెల్ఫ్ లేకపోతే లేదు, చిన్న బ్యాటరీ ఉంటుంది కదమ్మా. పన్నెండు వోల్టులది. లైట్లు, తాళాలు, ఆ స్క్రీనూ దేని మీద నడుస్తాయనుకున్నావు? బానెట్ తియ్యి."

తీశాను. ఉంది. మామూలు కారులో ఉన్నట్టే, కాస్త చిన్నది, ఒక ప్లాస్టిక్ మూత కింద. కారు కొన్న రోజు సేల్స్‌మన్ రెండు గంటలు మాట్లాడాడు, సీట్ల మసాజ్ గురించి కూడా చెప్పాడు, ఇది ఉందని మాత్రం చెప్పలేదు. "అంతకుముందు ఏమైనా చెప్పిందా కారు?" అని అడిగాడు నాన్న. రెండు రోజులుగా స్క్రీన్ మీద 12 వోల్టుల బ్యాటరీ తక్కువుందని ఏదో వస్తోంది, మీ అల్లుడు వేలితో పక్కకి తోసేస్తున్నాడు అని చెప్పాను. నాన్న ఏమీ అనలేదు. అల్లుడు కదా.

అక్కడున్న వాళ్లలో ఒక కుర్రాడు, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాడు, కోటు లోపలి జేబులోంచి జంప్ ప్యాక్ (దిగిపోయిన బ్యాటరీకి కరెంటిచ్చి కారుని లేపే చిన్న బ్యాటరీ పెట్టె) తీశాడు. డిక్కీలో పెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు చూశారా, అదీ తెలివంటే, ఎందుకంటే ఆ జంప్ ప్యాక్ కూడా లిథియందే, డిక్కీలో గడ్డకట్టుకుపోతే అదీ సరిగ్గా పనిచెయ్యదు. ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, నల్లది మాన్యువల్‌లో చూపించిన ఇనుప బోల్టుకి. టక్‌మని ఒక గట్టి చప్పుడు, స్క్రీన్ వెలిగింది, రెడీ అని పడింది. రెండు నిమిషాల పని. "ఇంక ఇంటికెళ్లేదాకా ఆపొద్దు" అని నాన్న, "థాంక్యూ తమ్ముడూ" అని నేను, ఆ కుర్రాడు అప్పటికే పక్క వరసలో ఇంకో కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ ఇంకో కారు పెట్రోలుది. దాని పక్కన ఇంకోటి, అదీ పెట్రోలుదే. ఆ రాత్రి ఆ పార్కింగ్ లాట్‌లో లేవనివి మొత్తం మూడు, మూడింటికీ ఒకే జబ్బు.

కానీ మర్నాడు మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఏం వచ్చింది? "అందుకే చలి దేశంలో ఎలక్ట్రిక్ వద్దు అంటాను" అని కార్యవర్గ సభ్యులే ఒకరు పెట్టారు, కింద చప్పట్లు, బొటనవేళ్లు. అందుకే చలి దేశంలో పెట్రోలు కారు వద్దు అని ఎవరూ పెట్టలేదు. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ మెసేజ్. దాన్ని చదివి మన ఊళ్లో ఎలక్ట్రిక్ కారు ఉన్న కుటుంబాలన్నీ భయపడాల్సిన దానికి కాకుండా వేరేదానికి భయపడుతున్నాయి. పెద్ద బ్యాటరీ గడ్డకట్టుకుపోతుందని రాత్రిళ్లు నిద్రపోవట్లేదు, చిన్న బ్యాటరీ వయసెంతో మాత్రం ఎవరికీ తెలియదు.

కాబట్టి ఓపిగ్గా వినండి, ఇది సంఘం పనే అని ఎందుకంటున్నానో మీకే తెలుస్తుంది.

ఎలక్ట్రిక్ కారులో పెద్ద బ్యాటరీ వందల వోల్టులది. కారు ఆపి తాళం వేయగానే, ఎవరికీ షాక్ కొట్టకుండా, దానికీ మిగతా కారుకీ మధ్య ఉన్న పెద్ద స్విచ్చులు తెరుచుకుని సంబంధం తెగిపోతుంది. వాటిని కాంటాక్టర్లు అంటారు. మళ్లీ వాటిని కలపాలంటే, కారులో ఉన్న కంప్యూటర్లు లేవాలంటే, 12 వోల్టుల బ్యాటరీ ఆ మాత్రం కరెంటు ఇవ్వాలి. ఆ తక్ తక్ చప్పుడు అదే, కలపబోయి కలపలేక వదిలేయడం. ఇంటి నిండా ధాన్యం ఉన్నా తాళంచెవి పోగొట్టుకుంటే పస్తే కదా. కలిసిన తర్వాత పెద్ద బ్యాటరీయే చిన్నదానికి ఛార్జ్ ఇస్తుంది, అందుకే ఒకసారి లేచిందంటే ఇంక బెంగ లేదు.

పెట్రోలు కారులో ఈ బ్యాటరీ ముసలిదైతే మనకి ముందే తెలుస్తుంది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజను మూలుగుతుంది, రుర్ రుర్ అని నీరసంగా తిరుగుతుంది, ఓహో మార్చాలి అనుకుంటాం. ఎలక్ట్రిక్ కారుకి ఇంజను తిప్పే పని లేదు కాబట్టి చివరి రోజు దాకా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పోతుంది. అది పోయేది కూడా మంచి చలి రాత్రే. లోపల యాసిడ్‌తో జరిగే పని చలికి నెమ్మదిస్తుంది, ఎండాకాలంలో సరిపోయిన బలం చలికాలంలో సరిపోదు. నాన్న ఇంకో సంగతి చెప్పాడు, నాకు చిన్నప్పుడు విన్నట్టు గుర్తుంది కానీ ఇక్కడికి వచ్చాకే దాని విలువ తెలిసింది: బ్యాటరీని చంపేది వేడి, శవాన్ని బయటపెట్టేది చలి. జూలైలో తారు మీద కాలిన బ్యాటరీయే జనవరిలో చేతులెత్తేస్తుంది.

ఇంకో విషయం, ఇది ప్రమాదం కాబట్టి చెప్తున్నాను. పూర్తిగా దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీలో యాసిడ్ పల్చబడి ఇంచుమించు నీళ్లలా అయిపోతుంది. నిండుగా ఉన్న బ్యాటరీ చికాగో చలికి గడ్డకట్టదు, దిగిపోయింది మైనస్ 10 సెల్సియస్ చుట్టుపక్కలే గడ్డకడుతుంది. పక్కలు ఉబ్బి కనిపిస్తే దానికి జంప్ పెట్టకండి, ఛార్జరూ పెట్టకండి, పగిలిపోయే ప్రమాదం ఉంది. అలాంటిదాన్ని తీసి పారేయడమే.

మా చిన్న బ్యాటరీ ఎందుకు దిగింది? ఒకటి, దానికి నాలుగేళ్లు. రెండు, మా ఆయన డాష్‌క్యామ్ వైరు తిన్నగా దానికే కలిపించుకున్నాడు, ప్రోగ్రాం జరిగినంతసేపూ అది పార్కింగ్ లాట్‌ని సినిమా తీస్తూనే ఉంది. మూడు, స్టేజి మీద కోలాటం జరుగుతుండగా ఈయన నాలుగైదు సార్లు యాప్ తెరిచి ఛార్జ్ ఎంతుందో చూసుకున్నాడు. చాలా కార్లు యాప్ తెరిచిన ప్రతిసారీ నిద్రలేస్తాయి, లేచిన ప్రతిసారీ చిన్న బ్యాటరీని కాస్త తాగుతాయి. పసిపిల్లని పడుకుందా లేదా అని తట్టి చూసినట్టు. మర్నాడు కొత్తది వేయించాం, రెండు వందల డాలర్ల లోపే అయింది.

అన్ని కార్లూ ఒకేలా ఉండవు, అది కూడా చెప్పాలి. టెస్లా వాళ్లు 2021 చివర్నుంచి కొత్త కార్లలో లెడ్ యాసిడ్ మానేసి చిన్న లిథియం బ్యాటరీ పెట్టడం మొదలుపెట్టారు. మోడల్ 3, మోడల్ వైలలో చిన్న బ్యాటరీ పోతే బానెట్ కింద ఉండే ముందువైపు డిక్కీ కూడా తెరుచుకోదు, బంపర్‌లో టో హుక్ (కారుని లాగడానికి తగిలించే కొక్కెం) మూత వెనక రెండు వైర్లు ఉంటాయి, వాటికి బయటినుంచి కరెంటిస్తే తెరుచుకుంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక జనం టో బండి కోసం గంటలు కూర్చుంటారు. హ్యుందాయ్, కియా, జెనెసిస్ ఎలక్ట్రిక్ కార్లని 2024లో ఐసీసీయూ అనే భాగంలో లోపం ఉందని రీకాల్ చేశారు (సరిచేయడానికి వెనక్కి పిలిచారు), ఆ భాగం పాడైతే చిన్న బ్యాటరీకి ఛార్జ్ అందడం మానేస్తుంది. మా కారు వాటిలోది కాదు, కానీ మన ఊళ్లో అవి చాలా ఉన్నాయి. ప్రభుత్వ రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో విన్ నంబర్ (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబరు) కొడితే పెండింగ్ రీకాల్ ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. ఎంతమంది చూసుకున్నారు? మన సభ్యుల లిస్టు మీ దగ్గరుంది, ఒక్క మెయిల్ పెడితే సరిపోతుంది.

ఇక 2024 సంక్రాంతి. ఆ వారం చికాగో చుట్టుపక్కల మైనస్ 20 సెల్సియస్ కిందకి దిగింది, ఎవర్‌గ్రీన్ పార్క్, ఓక్ బ్రూక్ ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర టెస్లాలు బారులు తీరి నిలిచిపోయిన బొమ్మలు దేశమంతా టీవీల్లో చూపించారు, ఇండియా నుంచి మా అత్తగారు కూడా ఫోన్ చేసి "మీ కారు బానే ఉందా" అని అడిగారు. అది వేరే జబ్బు. అక్కడ కార్లు లేవకపోవడం కాదు, ఛార్జ్ ఎక్కకపోవడం. బ్యాటరీ లోపల బాగా చల్లబడి ఉన్నప్పుడు ఫాస్ట్ ఛార్జింగ్ పెడితే లిథియం లోపలికి ఇంకకుండా పైన లోహంలా పేరుకుంటుంది, దాంతో బ్యాటరీ శాశ్వతంగా పాడవుతుంది, అందుకని కారే కరెంటు తీసుకోవడం తగ్గించేసి ముందు తనని తాను వెచ్చబెట్టుకుంటుంది. ఒక్కో కారు అలా ఎక్కువసేపు తీసుకుంటే వెనక క్యూ పెరుగుతుంది, క్యూలో ఉన్నవాళ్లు హీటర్ వేసుకుని కూర్చుంటే ఉన్న కాస్తా అయిపోతుంది. దీనికి మందు మీ కారులోనే ఉంది: ఛార్జింగ్ స్టేషన్‌కి దారి తెలిసినా సరే, కారు నావిగేషన్‌లోనే ఆ స్టేషన్ పేరు పెట్టి బయల్దేరండి. చాలా కార్లలో అలా పెడితేనే దారిలోనే బ్యాటరీని వెచ్చబెట్టుకుంటూ వెళ్తుంది. ఫోన్లో మ్యాప్ పెట్టుకుంటే దానికి తెలియదు. పది శాతం దాకా ఆగకండి, చలిలో నలభై దగ్గరే వెళ్లండి.

దూరం తగ్గడం మూడో సంగతి, అది జబ్బు కాదు. అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏ వాళ్లు 2019లో ఐదు ఎలక్ట్రిక్ కార్లని 20 డిగ్రీల ఫారన్‌హీట్‌లో పరీక్షిస్తే హీటర్ వేసినప్పుడు సగటున 41 శాతం దూరం తగ్గింది, హీటర్ వేయకపోతే 12 శాతమే. అంటే ఎక్కువగా తినేది చలి కాదు, హీటరు. పెట్రోలు ఇంజను ఎలాగూ వేడిని వృథా చేస్తుంది కాబట్టి అందులోంచి మనకి ఉచితంగా వస్తుంది, ఇక్కడ వేడిని కొనుక్కోవాలి. గడ్డకట్టిన కారుని మొదట వెచ్చబెట్టేటప్పుడు రెండు మూడు ఇండక్షన్ పొయ్యిలు ఒకేసారి వెలిగించినంత కరెంటు లాగుతుంది. అందుకే ప్లగ్గులో ఉండగానే, బయల్దేరే టైము కారుకి ముందే చెప్పి పెడితే, ఆ వేడంతా గోడ కరెంటుతో అయిపోతుంది. ఇంట్లో గ్యారేజీ ఉన్నవాళ్లకి ఇది చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే. అక్కడ చలి మనకన్నా తక్కువేమీ కాదు. వాళ్లేమీ మాయ చేయలేదు, ప్లగ్గులో పెట్టుకుంటారు, వెచ్చబెట్టుకుంటారు, బయల్దేరతారు.

గ్యారేజీ లేనివాళ్ల సంగతే నన్ను బాధపెట్టేది. కొత్తగా వచ్చిన పిల్లలు, చదువుకుంటున్నవాళ్లు, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు. పాత ఎలక్ట్రిక్ కారు మీద నాలుగు వేల డాలర్ల దాకా టాక్స్ క్రెడిట్ ఉండేది, 2025 సెప్టెంబరు 30తో అది ఆగిపోయింది, ఆగిపోతోందని చివరి నెలల్లో మనవాళ్లు చాలామంది తొందరపడి పాత కార్లు కొన్నారు. అవన్నీ ఎన్నేళ్ల నాటి చిన్న బ్యాటరీలతో ఉన్నాయో కొన్నవాళ్లకి తెలియదు. రాత్రంతా బయట ప్లగ్గు లేకుండా ఉంటాయి. ఉన్నా మామూలు 120 వోల్టుల ప్లగ్గయితే గంటకి ఒకటిన్నర యూనిట్ కూడా ఇవ్వదు, బాగా చలిగా ఉన్న రాత్రి అందులో పెద్ద భాగం బ్యాటరీని వెచ్చగా ఉంచడానికే పోతుంది, పొద్దున చూస్తే ఏమీ ఎక్కనట్టు ఉంటుంది. అయినా పెట్టుకోవడమే మంచిది, ఎక్కకపోయినా కారు వెచ్చగా ఉంటుంది, చిన్న బ్యాటరీ నిండుగా ఉంటుంది. వీళ్లకి ఫోన్ చేయడానికి ఆటోనగర్‌లో నాన్న లేడు. డీలర్ దగ్గరికి వెళ్తే అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత. వీళ్లు మొదట అడిగేది మన గ్రూపులోనే, మన గ్రూపులో వచ్చే జవాబు "అందుకే వద్దన్నాం".

గ్రూపులో ఇంకా ఏం సలహాలు వస్తాయో నేను రాసి పెట్టుకున్నాను. ఛార్జింగ్ మూత మంచుకి బిగుసుకుపోతే వేణ్ణీళ్లు పోయమన్నారు ఒకరు. పోయకండి, ఆ నీళ్లు పది నిమిషాల్లో ఇంకా గట్టి మంచవుతాయి, అద్దం మీద పడితే అద్దం పగుల్తుంది. అరచేత్తో చుట్టూ మెల్లగా తట్టండి, లేదా లోపలినుంచి కారుని వెచ్చబెట్టండి. తాళం పనిచేయకపోతే కారే పోయిందనుకుని టో పిలిచారు ఇంకొకరు, అది తాళంలో ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ, చలికి అదీ నీరసిస్తుంది, తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి గానీ మాన్యువల్ చెప్పిన చోట పెట్టి గానీ నొక్కితే పనిచేస్తుంది. తన ఎలక్ట్రిక్ కారుతో పక్కవాళ్ల పెట్రోలు కారుకి జంప్ ఇస్తానని ముందుకొచ్చారు ఒక మంచి మనిషి, చాలా కంపెనీల మాన్యువల్స్ ఆ పని చెయ్యొద్దంటాయి, మంచితనానికి పోయి ఆ చిన్న బ్యాటరీ ఛార్జింగ్ సర్క్యూట్ కాల్చుకుంటారు. టో పిలవాల్సే వస్తే నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ కావాలని ఫోన్లోనే చెప్పండి, చక్రాలు నేల మీద ఈడ్చుకుంటూ తీసుకెళ్తే మోటారు తిరిగి పాడవుతుంది.

ఒక్క భయం మాత్రం తీసేయాలని ఉంది. ట్రాఫిక్‌లో మంచులో ఇరుక్కుంటే ఎలక్ట్రిక్ కారులో గడ్డకట్టి చనిపోతారని ఒక మెసేజ్ ప్రతి డిసెంబరుకీ తిరుగుతుంది. బ్యాటరీలో 30 యూనిట్లు మిగిలి ఉంటే, లోపల వెచ్చగా ఉంచడానికి గంటకి రెండు మూడు యూనిట్లు పోయినా పది గంటలు కూర్చోవచ్చు. పొగ రాదు కాబట్టి సైలెన్సర్ మంచులో కూరుకుపోయి విషవాయువు లోపలికి వస్తుందన్న బెంగ కూడా లేదు. లెక్క వేసుకుంటే తెలిసేదే. లెక్కల్లో మనవాళ్లని మించినవాళ్లు లేరంటారు కదా.

ఇప్పుడు నేను అడిగేది. నవంబరులో ఒక శనివారం రెండు గంటలు హాలు ఇవ్వండి. పాటలొద్దు, సన్మానాలొద్దు, శాలువాలొద్దు. అందరూ తమ కార్లతో రావాలి, ఎవరి బానెట్ వాళ్లు తెరవాలి, చిన్న బ్యాటరీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి. కొన్ని కార్లలో అది సీటు కింద ఉంటుంది, కొన్నింటిలో వెనక డిక్కీలో, చీకట్లో చలిలో వెతుక్కోకుండా ఇప్పుడే వెతుక్కుంటారు. మీటరు పెట్టి వోల్టులు చూస్తాం, కారు కాసేపు ఆపి ఉంచాక 12.6 దగ్గర ఉంటే పర్లేదు, 12.2 కిందకి ఉంటే ఆ చలికాలం దాన్ని నమ్మొద్దు. ఇది లెడ్ యాసిడ్ లెక్క, లిథియం వాటికి వేరే. వైపర్ ద్రవం, టైర్ల గాలి కూడా అక్కడే చూసుకోవచ్చు, చలి ప్రతి 10 డిగ్రీల ఫారన్‌హీట్ పెరిగితే టైర్లలో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది.

రెండోది, సంఘం డబ్బుతో మంచి జంప్ ప్యాక్‌లు రెండు కొనండి. మైక్ సెట్‌తో పాటు అవి కూడా ప్రతి ప్రోగ్రాంకీ రావాలి, లోపల స్టేజి పక్కన వెచ్చగా ఉండాలి, కారు డిక్కీలో కాదు. పోయినసారి స్టేజి మీద బంతిపూల దండలకి ఎంత అయిందో జనరల్ బాడీలో చదివారు, దాంట్లో సగం కూడా కావు ఇవి. మూడోది, జనవరి ప్రోగ్రాం దయచేసి టైముకి ముగించండి. తొమ్మిదింటికి స్కూలు మనిషి తాళం వేసేటప్పటికి అందరి కార్లూ లేచాయో లేదో చూసుకునే వాలంటీర్లు ఇద్దరు బయట ఉండాలి. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని.

ఆ వరంగల్ కుర్రాడికి ఇంతవరకూ సంఘం తరఫున ఎవరూ థాంక్స్ చెప్పలేదు. ఆ రాత్రి మూడు కుటుంబాలని ఇంటికి పంపింది అతనే. సన్మానం చేస్తే పారిపోతాడు, నాకు తెలుసు, కానీ ఆ శనివారం పిలవండి, నేర్పించేది అతనే అయితే మీ పిల్లలు కూడా వింటారు, నా మాట వినరు.

ఒకవేళ హాలు కుదరకపోతే మా ఇంటి డ్రైవ్‌వేలో పెట్టుకుందాం, ఆరు కార్లు పడతాయి. టీ, పకోడీ నేను చూసుకుంటాను. నాన్న వీడియో కాల్‌లో ఉంటానన్నాడు, మన శనివారం సాయంత్రం అక్కడ ఆదివారం పొద్దునే కాబట్టి ఆయనకి ఇబ్బంది లేదు, పైగా కరెంటు కార్లని దగ్గర్నుంచి చూడాలని ఉందట. ఏ శనివారమో ఈ వారంలోగా చెప్పండి, మీటరుకి కొత్త ప్రోబ్స్ ఆర్డర్ పెట్టాలి, పాతవి మా ఆయన తొక్కి విరగ్గొట్టాడు.

ఇట్లు,
పార్కింగ్ లాట్‌లో మూడో వరస, చివరి కారు